అమెరికాలో కొత్తగా పౌరులైన తెలుగువారు ఓటరుగా నమోదు కావడం, పార్టీని ఎంచుకోవడం ఎలా

అమెరికా పౌరసత్వ ప్రమాణం చేసిన తెలుగువారిలో ఎక్కువమంది ఆ వారంలోనే పాస్‌పోర్టుకు దరఖాస్తు పెడతారు, ఆ వెంటనే విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు సంగతి చూస్తారు. ఓటరు నమోదు మాత్రం ఎన్నికల నాటికి చూసుకుందాంలే అని పక్కన పెడతారు. మన దేశంలో బూత్ స్థాయి అధికారి ఇంటికి వచ్చి పేర్లు సరిచూసుకుని వెళ్ళడం, దేశమంతటికీ ఒకే ఎన్నికల సంఘం ఉండడం చూసి పెరిగినవారికి ఈ వాయిదా పెద్ద విషయంగా కనిపించదు. అమెరికాలో పద్ధతి వేరు. ఇక్కడ ఓటర్ల జాబితాను రాష్ట్ర చట్టాల ప్రకారం స్థానిక అధికారులు, చాలా చోట్ల కౌంటీ కార్యాలయాలు నిర్వహిస్తాయి. గడువు, ఫారం, గుర్తింపు పత్రాల నిబంధనలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. మీ ఇంటికి వచ్చి పేరు రాసుకునే బాధ్యత ఎవరికీ లేదు. నార్త్ డకోటా అనే ఒక్క రాష్ట్రంలో మాత్రం అసలు ఓటరు నమోదు అనే పద్ధతే లేదు, మిగిలినచోట్ల సాధారణంగా మీ పేరు జాబితాలోకి ఎక్కించుకోవలసినది మీరే.

పని మొదలుపెట్టే ముందు ఒక విషయం స్పష్టం చేసుకోండి. ఓటరుగా నమోదు కావడం ఒక పని, పార్టీ అనుబంధాన్ని తెలియజేయడం మరొక పని. కొన్ని రాష్ట్రాలలో ఈ రెండూ ఒకే ఫారంలో జరిగిపోతాయి, కొన్ని రాష్ట్రాలలో రెండవది ఉండనే ఉండదు. మొదటిది చేయకపోతే ఓటే లేదు. రెండవది చేయకపోయినా నవంబరు ఎన్నికలలో ఓటు వేయవచ్చు, కాని అభ్యర్థిని నిర్ణయించే ప్రైమరీలో మీకు చోటు దక్కకపోవచ్చు.

మొదటి అడుగు: అర్హత ఉన్నదో లేదో తేల్చుకోవడం

సమాఖ్య ఎన్నికలలో, అంటే అధ్యక్షుడు, సెనేట్, ప్రతినిధుల సభ ఎన్నికలలో, ఓటు వేసే హక్కు అమెరికా పౌరులకు మాత్రమే ఉన్నది. హెచ్-1బీ ఉద్యోగ వీసాపై ఉన్నవారికి గాని, గ్రీన్ కార్డు వచ్చి ఎన్ని ఏళ్ళు గడిచినవారికి గాని ఆ హక్కు లేదు. మేరీలాండ్‌లోని టకోమా పార్క్ వంటి కొన్ని ఊళ్ళలో పౌరులు కానివారికి కూడా ఊరి ఎన్నికలలో ఓటు ఉన్న మాట నిజమే కాని, అది ఆ ఊరి వరకే పరిమితమైన ఏర్పాటు. దానిని చూసి రాష్ట్ర ఓటరు ఫారం నింపకూడదు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉన్నది. 1993 నాటి జాతీయ ఓటరు నమోదు చట్టం ప్రకారం చాలా రాష్ట్రాలలో డ్రైవింగ్ లైసెన్సు తీసుకునే కార్యాలయంలోనే ఓటరుగా నమోదు చేసుకుంటారా అని అడుగుతారు. కౌంటర్‌లోని వ్యక్తి వేగంగా అడుగుతున్నప్పుడో, తెరపై ఒకదాని తరువాత ఒకటిగా ప్రశ్నలు వస్తున్నప్పుడో, గ్రీన్ కార్డు ఉన్న మనవారు ఇది కూడా లైసెన్సులో భాగమేననుకుని అవునని గుర్తు పెట్టిన సందర్భాలు ఉన్నాయి. పౌరుడు కానివారు పౌరుడినని పేర్కొంటూ ఓటరుగా నమోదైతే అది నేరంగా పరిగణింపబడవచ్చు, గ్రీన్ కార్డు పోయి దేశం విడిచి వెళ్ళవలసిన పరిస్థితి కూడా రావచ్చు. పౌరసత్వానికి పెట్టే ఎన్-400 దరఖాస్తులో మీరు ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటు వేశారా అని అడిగే ప్రశ్నలు ఉన్నాయన్న సంగతి గుర్తుంచుకోండి. ఇంటర్వ్యూలో ఉత్తీర్ణులైనంత మాత్రాన పౌరులు కారు. ప్రమాణం పూర్తయిన క్షణం నుంచే పౌరులవుతారు. కాబట్టి ఇంటర్వ్యూకూ ప్రమాణానికీ మధ్య ఉన్న రోజులలో ఏ ఓటరు ఫారం మీదా సంతకం చేయకండి.

వయసు విషయానికి వస్తే, ఎన్నికల రోజుకు 18 ఏళ్ళు నిండాలి. ఇక్కడే పుట్టిన మీ పిల్లలు పుట్టుకతోనే పౌరులు కాబట్టి, కాలిఫోర్నియా, ఫ్లోరిడా, వర్జీనియా, నార్త్ కరోలినా వంటి రాష్ట్రాలలో 16 ఏళ్ళకే ముందస్తు నమోదు చేసుకోవచ్చు. టెక్సాస్‌లో 17 సంవత్సరాల 10 నెలలు నిండితే దరఖాస్తు పెట్టవచ్చు. చదువుకు వేరే రాష్ట్రం వెళ్ళిన పిల్లలు ఇంటి చిరునామా మీద గాని, కళాశాల ఉన్న ఊరి చిరునామా మీద గాని నమోదు కావచ్చు, రెండు చోట్లా మాత్రం కాకూడదు.

రెండవ అడుగు: ప్రభుత్వ రికార్డులలో మీరు పౌరులుగా కనిపించేలా చూసుకోవడం

ఈ అడుగును చాలామంది దాటవేస్తారు. నా ఉద్దేశంలో కొత్త పౌరులకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మీ చేతికి పౌరసత్వ ధ్రువపత్రం వచ్చినంత మాత్రాన అన్ని కార్యాలయాలకూ ఆ సంగతి తెలిసిపోదు. సోషల్ సెక్యూరిటీ కార్యాలయంలో మీరు ఇంకా గ్రీన్ కార్డుదారుగానే ఉండవచ్చు. లైసెన్సు ఇచ్చిన శాఖ దగ్గర, మీరు చివరిసారి లైసెన్సు పునరుద్ధరించుకున్ననాటి స్థితి, ఒక్కోసారి హెచ్-1బీ స్థితి, అలాగే నిలిచి ఉంటుంది. ఎన్నికల అధికారులు ఈ రికార్డులతో ఓటర్ల జాబితాను పోల్చి చూసినప్పుడు చిక్కు మొదలవుతుంది.

2019 జనవరిలో టెక్సాస్‌లో జరిగినది ఇదే. లైసెన్సు రికార్డుల ఆధారంగా దాదాపు 95,000 మంది ఓటర్లను పౌరులు కారేమోనని అనుమానిస్తూ రాష్ట్ర అధికారులు కౌంటీలకు జాబితా పంపారు. వారిలో వేలాదిమంది లైసెన్సు తీసుకున్న తరువాత చట్టబద్ధంగా పౌరులైనవారేనని కొద్ది రోజులలోనే బయటపడింది. వ్యవహారం కోర్టుకు వెళ్ళి, అదే ఏడాది రాజీతో ముగిసింది, ఆ జాబితాను ఉపసంహరించుకున్నారు. అటువంటి జాబితాలో పేరు వస్తే కౌంటీ నుంచి ఉత్తరం వస్తుంది, గడువులోగా రుజువు పంపకపోతే పేరు తొలగిపోవచ్చు. అందుచేత ప్రమాణం తరువాత ధ్రువపత్రం తీసుకుని ముందుగా సోషల్ సెక్యూరిటీ కార్యాలయానికి, ఆ తరువాత లైసెన్సు కార్యాలయానికి వెళ్ళి రెండు చోట్లా పౌరసత్వ వివరం మార్పించుకోండి. ధ్రువపత్రం లోని సంఖ్యను, దానిపై ఉన్న తేదీని విడిగా రాసిపెట్టుకోండి. పాస్‌పోర్టు దరఖాస్తుతో అసలు పత్రం పంపవలసి వచ్చినప్పుడు అది కొన్ని వారాలు మీ చేతిలో ఉండదు.

అరిజోనాలో రాష్ట్ర స్థాయి పదవులకు ఓటు వేయాలంటే పౌరసత్వ రుజువు చూపవలసి ఉంటుంది. అది చూపనివారిని సమాఖ్య ఎన్నికలకు మాత్రమే ఓటరుగా చేర్చుకుంటారు. న్యూ హాంప్‌షైర్ కూడా కొత్తగా నమోదయ్యేవారిని రుజువు అడుగుతున్నది. మిగిలిన చాలా రాష్ట్రాలలో మీరు పౌరుడినని ప్రమాణపూర్వకంగా సంతకం చేస్తే సరిపోతుంది కాని, ఈ నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి మీ రాష్ట్ర ఎన్నికల వెబ్‌సైటును ఒకసారి చూసుకోవడం మంచిది.

మూడవ అడుగు: దరఖాస్తు మార్గం, గడువు

సమాఖ్య ప్రభుత్వం నడిపే వోట్ డాట్ గవ్ అనే వెబ్‌సైటులో మీ రాష్ట్రం పేరు ఎంచుకుంటే సరైన మార్గానికి అదే తీసుకువెళ్తుంది. 40కి పైగా రాష్ట్రాలలో ఆన్‌లైన్‌లోనే నమోదు చేసుకోవచ్చు; అందుకు సాధారణంగా ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు లేదా గుర్తింపు కార్డు నంబరు కావాలి, ఎందుకంటే మీ సంతకాన్ని ఆ రికార్డు నుంచే తీసుకుంటారు. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ ప్రాంతాల తెలుగువారు ఇక్కడ జాగ్రత్తపడాలి. లైసెన్సు పునరుద్ధరణ సందర్భంలో తప్ప, టెక్సాస్‌లో ఆన్‌లైన్ నమోదు లేదు. వెబ్‌సైటులో వివరాలు నింపితే ఫారం తయారవుతుంది, అంతే. దానిని ముద్రించి, సిరాతో సంతకం చేసి, కౌంటీ ఓటరు రిజిస్ట్రారుకు తపాలాలో పంపాలి లేదా స్వయంగా ఇవ్వాలి. తెరపై అన్నీ నింపి, నమోదు అయిపోయిందనుకుని ఊరుకున్నవారు పోలింగ్ కేంద్రం దాకా వెళ్ళి తిరిగి రావలసి వస్తుంది. కౌంటీ నియమించిన స్వచ్ఛంద డిప్యూటీ రిజిస్ట్రార్లు ఉగాది, దసరా వేడుకలకు, గుడి ప్రాంగణాలకు వచ్చి కూర్చోవడం ఈ మధ్య పరిపాటి అయింది. వారి చేతికి ఇచ్చిన ఫారానికి రసీదు అడిగి తీసుకోండి.

గడువు విషయంలో సమాఖ్య చట్టం పెట్టిన హద్దు ఒక్కటే: సమాఖ్య ఎన్నికలకు ఏ రాష్ట్రమూ 30 రోజులకు మించి ముందు నమోదు ముగించకూడదు. టెక్సాస్ సరిగ్గా ఆ 30 రోజుల హద్దు మీదే ఉన్నది. ఫ్లోరిడాలో 29 రోజులు, నార్త్ కరోలినాలో 25, న్యూ జెర్సీలో 21, పెన్సిల్వేనియాలో 15, న్యూ యార్క్‌లో 10. కాలిఫోర్నియాలో 15 రోజులైనా, గడువు దాటినవారు కౌంటీ కార్యాలయంలోనో పోలింగ్ కేంద్రంలోనో షరతులతో అదే రోజు నమోదై ఓటు వేయవచ్చు. మిషిగన్‌లో ఎన్నికల రోజున కూడా క్లర్కు కార్యాలయంలో నమోదు చేసుకోవచ్చు. మీ రాష్ట్రం ఎంత ఉదారమైనదైనా ఆఖరి రోజు దాకా ఆగకండి, ఎందుకంటే కొత్త పౌరుల దరఖాస్తులలో ఏదో ఒక వివరం సరిపోలక ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచే అవకాశం ఇతరులకన్నా ఎక్కువ.

నాలుగవ అడుగు: ఫారం నింపడం

ఫారం ఒక్క పేజీయే కాని, తెలుగు పేర్ల దగ్గర అది అనుకున్నంత తేలిక కాదు. మన పాస్‌పోర్టులలో కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా ఒకే గడిలో ఉంటుంది. అటువంటివారికి వీసా వేసినప్పుడు మొత్తం పేరు ఇంటిపేరుగా మారి, మొదటి పేరు చోట ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అనే మూడు అక్షరాలు పడతాయి. అక్కడి నుంచి అవి సోషల్ సెక్యూరిటీ రికార్డుకు, లైసెన్సుకు పాకుతాయి. మరికొందరికి వెంకట సత్యనారాయణ అనే పేరు ఒక చోట కలిపి, ఒక చోట విడదీసి, ఇంకొక చోట వెంకట మధ్యపేరుగా మారి కనిపిస్తుంది. ఓటరు ఫారంలో ఏ పేరు రాయాలన్న ప్రశ్నకు జవాబు ఒక్కటే: ఇప్పుడు మీ లైసెన్సు మీద ఏ అక్షరాలు, ఏ ఖాళీలు ఉన్నాయో అవే రాయండి. ఫారంలో ఇచ్చిన లైసెన్సు నంబరును, లేదా అది లేనివారు ఇచ్చిన సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగు అంకెలను, పేరుతోనూ పుట్టిన తేదీతోనూ సరిపోల్చి చూస్తారు కాబట్టి ఈ పట్టింపు అవసరం. పౌరసత్వ ప్రక్రియలోనే చట్టబద్ధంగా పేరు మార్పించుకున్నవారు ముందు సోషల్ సెక్యూరిటీలో, తరువాత లైసెన్సులో కొత్త పేరు నమోదు చేయించుకుని, ఆ తరువాతే ఓటరు ఫారం పట్టుకోవాలి.

పుట్టిన తేదీలో నెల ముందు, రోజు తరువాత రాయాలి. ఏప్రిల్ 7న పుట్టినవారు అలవాటు కొద్దీ 07/04 అని రాస్తే అది జూలై 4 అయి కూర్చుంటుంది, తేదీ చెల్లుబాటయ్యేదే కాబట్టి ఎవరూ తప్పు పట్టరు, రికార్డు మాత్రం సరిపోలదు. చిరునామా చోట మీరు నివసించే ఇంటి చిరునామా రాయాలి. పోస్టు బాక్సు పనికిరాదు. అపార్ట్‌మెంటు నంబరు వదిలేస్తే కార్డు తిరిగి వెళ్ళిపోతుంది, తిరిగి వెళ్ళిన కార్డు మీ నమోదును చిక్కులో పెట్టగలదు.

సంతకం గురించి ఒక మాట. తపాలా ద్వారా ఓటు వేసినప్పుడు చాలా రాష్ట్రాలలో కవరు మీది సంతకాన్ని రికార్డులోని సంతకంతో పోల్చి చూస్తారు. తెలుగులో సంతకం చేసే అలవాటు ఉన్నవారు నిరభ్యంతరంగా తెలుగులోనే చేయవచ్చు, కాని లైసెన్సు మీద ఇంగ్లీషులో, ఓటరు ఫారం మీద తెలుగులో, కవరు మీద పొడి అక్షరాలలో చేయకండి. అన్నిచోట్లా ఒకటే ఉండాలి.

ఐదవ అడుగు: పార్టీ గడి

ఫారంలో పార్టీ గడి కనిపించగానే మనవారిలో చాలామంది వెనుకాడతారు. పార్టీలో చేరడమంటే కండువా కప్పుకోవడమనీ, సభ్యత్వ రుసుము కట్టడమనీ, నలుగురిలో ముద్ర పడిపోవడమనీ మన అనుభవం చెబుతుంది. ఇక్కడ అటువంటిదేమీ లేదు. రుసుము లేదు, సభలకు వెళ్ళవలసిన పని లేదు, నవంబరు ఎన్నికలలో ఏ పార్టీ అభ్యర్థికైనా ఓటు వేసే స్వేచ్ఛ యథాతథంగా ఉంటుంది. పార్టీ అనుబంధం వల్ల మీకు లభించేది ఒకే ఒక్క అధికారం, కాని అది చిన్నది కాదు. మన రాష్ట్రాలలో ఒక నియోజకవర్గానికి టికెట్ ఎవరికివ్వాలో పార్టీ అధిష్ఠానం నిర్ణయిస్తుంది, బీ-ఫారం ఎవరి చేతికి వస్తే వారే అభ్యర్థి. అమెరికాలో ఆ టికెట్‌ను నిర్ణయించేది ప్రైమరీ ఎన్నికలో ఓటు వేసే సామాన్య ఓటర్లు. ఒకే పార్టీ ఎప్పుడూ గెలిచే కౌంటీలలో అసలు పోటీ ప్రైమరీలోనే ముగుస్తుంది, నవంబరులో జరిగేది లాంఛనమే.

ఆ ఓట్లు ఎంత తక్కువ తేడాతో ఫలితాన్ని తేల్చగలవో చూడాలంటే హైదరాబాదులో పుట్టిన గజాలా హష్మీ ఉదాహరణ ఉన్నది. 2025 జూన్‌లో వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి డెమోక్రాటిక్ ప్రైమరీలో ఆరుగురు పోటీ చేశారు. ఆమె 28 శాతానికి లోపు ఓట్లతోనే గెలిచారు, రెండవ స్థానంలో ఉన్న అభ్యర్థికీ ఆమెకూ తేడా ఒక్క శాతం కూడా లేదు. నవంబరులో ఆమె ఆ పదవికి ఎన్నికయ్యారు. ఇక హైదరాబాదులోనే పుట్టి, 2023 నుంచి మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరుగా ఉన్న అరుణా మిల్లర్, 2018లో అమెరికా ప్రతినిధుల సభకు పోటీ చేసి ప్రైమరీలోనే ఓడిపోయారు.

ఇప్పుడు మీ రాష్ట్రం ఏ కోవకు చెందుతుందో చూసుకోండి. టెక్సాస్, జార్జియా, వర్జీనియా, ఇల్లినాయ్, మిషిగన్, వాషింగ్టన్ రాష్ట్రాలలో ఓటరు ఫారంలో పార్టీ గడి ఉండదు. టెక్సాస్‌లో సరి సంవత్సరాల మార్చిలో జరిగే ప్రైమరీకి వెళ్ళినప్పుడు ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అక్కడే చెబుతారు. ఒకసారి రిపబ్లికన్ బ్యాలెట్ తీసుకున్నవారు అదే ఏడాది మే నెలలో జరిగే డెమోక్రాటిక్ రన్-ఆఫ్‌లో, అంటే ఎవరికీ సగానికి మించి ఓట్లు రానప్పుడు జరిపే రెండవ విడత పోలింగ్‌లో, ఓటు వేయలేరు, అటు ఇటు మార్చినా అంతే. మార్చిలో అసలు ఓటు వేయనివారు మాత్రం రన్-ఆఫ్‌లో ఏదైనా ఒక పార్టీని ఎంచుకోవచ్చు. ఆ అనుబంధం ఏడాది చివరితో తీరిపోతుంది. ఈ రాష్ట్రాలలో ఉన్నవారు ఈ గడి గురించి ఆలోచించవలసిన పని లేదు, ప్రైమరీ తేదీని కాలెండరులో రాసుకుంటే చాలు.

ఫ్లోరిడా, పెన్సిల్వేనియా, న్యూ యార్క్ వేరే కోవ. వీటిలో ప్రైమరీ మూసి ఉంటుంది, అంటే రికార్డులో ఆ పార్టీకి చెందినవారిగా ఉన్న ఓటర్లకే ఆ పార్టీ ప్రైమరీలో ఓటు. ఏ పార్టీ వద్దని రాసినవారు ఆ రోజు పార్టీ అభ్యర్థుల ఎంపికలో పాల్గొనలేరు. ఫ్లోరిడాలో పాఠశాల బోర్డు, న్యాయమూర్తుల వంటి పార్టీ రహిత పదవులకు మాత్రం అందరికీ ఓటు ఉంటుంది. పార్టీ మార్చుకునే గడువు ఫ్లోరిడాలో ప్రైమరీకి 29 రోజుల ముందు, పెన్సిల్వేనియాలో 15 రోజుల ముందు. అన్నిటికన్నా కఠినమైనది న్యూ యార్క్: అక్కడ ఇప్పటికే నమోదైన ఓటరు జూన్ ప్రైమరీ కోసం పార్టీ మార్చుకోవాలంటే ఫిబ్రవరి 14లోపే దరఖాస్తు చేరాలి. ఆ తరువాత చేరిన మార్పు ప్రైమరీ ముగిశాకనే అమలవుతుంది. కొత్తగా నమోదయ్యేవారికి ఈ ఫిబ్రవరి గడువు వర్తించదు కాబట్టి, క్వీన్స్‌లోనో లాంగ్ ఐలండ్‌లోనో ఉండే కొత్త పౌరులు మొదటి ఫారంలోనే ఆలోచించి గుర్తు పెట్టడం మేలు.

మధ్యస్థంగా ఉండే రాష్ట్రాలు మరికొన్ని. ఎడిసన్ చుట్టుపక్కల ఇంతమంది తెలుగువారున్న న్యూ జెర్సీలో, ఏ పార్టీకీ చెందని ఓటరు ప్రైమరీ రోజున పోలింగ్ కేంద్రంలోనే ఒక పార్టీని ప్రకటించి ఓటు వేయవచ్చు. కాని ఆ క్షణం నుంచి రికార్డులో ఆ పార్టీ ఓటరుగానే ఉండిపోతారు. ఒక పార్టీ నుంచి మరొక పార్టీకి మారాలంటే ప్రైమరీకి 55 రోజుల ముందే ఫారం ఇవ్వాలి. నార్త్ కరోలినాలో, మసాచుసెట్స్‌లో ఏ పార్టీకీ చెందనివారు రెండు పెద్ద పార్టీలలో దేని బ్యాలెట్‌నైనా అడిగి తీసుకోవచ్చు, వారి రికార్డు మాత్రం మారదు. నార్త్ కరోలినాలోని క్యారీలోనో మోరిస్‌విల్‌లోనో ఉండి ఇంకా ఏ పార్టీ వైపూ మొగ్గు లేనివారికి ఇంతకన్నా అనువైన ఏర్పాటు ఉండదు.

కాలిఫోర్నియా సంగతి విడిగా చెప్పాలి. 2010లో ఓటర్లు ఆమోదించిన సవరణ తరువాత గవర్నరు, రాష్ట్ర శాసనసభ, కాంగ్రెసు పదవులకు అక్కడ అభ్యర్థులందరూ ఒకే ప్రైమరీ బ్యాలెట్‌పై ఉంటారు. పార్టీతో నిమిత్తం లేకుండా ఓటర్లందరూ ఓటు వేస్తారు, మొదటి ఇద్దరూ నవంబరుకు వెళ్తారు. పార్టీ గడి ప్రభావం చూపేది అధ్యక్ష ప్రైమరీలోనే. 2020లోనూ 2024లోనూ ఏ పార్టీ వద్దన్న ఓటర్లు అడిగి డెమోక్రాటిక్ బ్యాలెట్ తీసుకోగలిగారు, రిపబ్లికన్ బ్యాలెట్ మాత్రం ఆ పార్టీలో నమోదైనవారికే ఇచ్చారు.

ఇక్కడే ఒక ఉచ్చు ఉన్నది. స్వతంత్రంగా ఉండాలనుకునేవారు ఫారంలో ఇండిపెండెంట్ అనే మాట కోసం వెతుకుతారు. కాలిఫోర్నియా ఫారంలో ఆ మాట కనిపించేది అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీ అనే పేరులో, అది తనకంటూ సిద్ధాంతాలున్న ఒక సంప్రదాయవాద పార్టీ. ఆ గడిలో గుర్తు పెట్టినవారిలో ఎంతోమంది తాము ఒక పార్టీలో చేరామన్న సంగతే ఎరుగరని 2016లో అక్కడి పత్రికలు బయటపెట్టాయి. మీకు ఏ పార్టీ వద్దనుకుంటే నో పార్టీ ప్రిఫరెన్స్ అన్న గడినే ఎంచుకోండి. ఇదే స్థితిని న్యూ జెర్సీ, నార్త్ కరోలినాలలో అన్‌అఫిలియేటెడ్ అనీ, మసాచుసెట్స్‌లో అన్‌ఎన్‌రోల్డ్ అనీ అంటారు.

ఏ పార్టీని ఎంచుకోవాలన్నది నేను చెప్పవలసిన విషయం కాదు, కాని ఎంచుకునే పద్ధతి గురించి ఒక సూచన చేస్తాను. అధ్యక్ష పదవికి పోటీ పడే ఇద్దరిని చూసి మాత్రమే నిర్ణయించుకోకండి. మీ కౌంటీ ఎన్నికల వెబ్‌సైటులో ఉండే నమూనా బ్యాలెట్ తెరిచి, గత రెండు ప్రైమరీలలో ఏ పదవులకు గట్టి పోటీ జరిగిందో చూడండి. ఆస్తి పన్ను నిర్ణయించే కౌంటీ కమిషనర్లు, పిల్లల పాఠశాలల హద్దులు మార్చే బోర్డు సభ్యులు, నగర మేయరు, వీరిలో కొందరు పార్టీ ప్రైమరీల ద్వారా, కొందరు పార్టీ రహితంగా ఎన్నికవుతారు. రెండు పార్టీల రాష్ట్ర శాఖల విధాన పత్రాలు వెబ్‌సైటులలో దొరుకుతాయి, పన్నులు, వలస విధానం, విద్య, వైద్యం గురించి అవి ఏమంటున్నాయో చదవండి. మూసిన ప్రైమరీ ఉన్న రాష్ట్రంలో, మీ ప్రాంతంలో ఒకే పార్టీ బలంగా ఉంటే, మీకు ఆ పార్టీ అంతగా నచ్చకపోయినా దానిలో నమోదై మంచి అభ్యర్థిని ఎంచుకునే వాదన ఒకటి ఉన్నది. నమ్మకం లేని పార్టీ పేరు రికార్డులో ఉండడం ఇష్టం లేనివారి వాదన మరొకటి. మొదటి వాదనకే నేను మొగ్గుతాను, రెండవదానిని తప్పుపట్టను.

నిర్ణయానికి ముందు తెలుసుకోవలసిన మరో సంగతి ఉన్నది. మీరు ఎవరికి ఓటు వేశారన్నది రహస్యమే. కాని ఓటర్ల జాబితాలోని పేరు, చిరునామా, పార్టీ ఉన్నచోట పార్టీ, ఏయే ఎన్నికలలో ఓటు వేశారన్న వివరం చాలా రాష్ట్రాలలో పార్టీలకు, అభ్యర్థులకు అందుబాటులో ఉంటాయి. ఎన్నికల కాలంలో తలుపు తట్టేవారూ, ఫోన్ సందేశాలూ ఎక్కువవుతాయి. వాటి కోసం సిద్ధపడి ఉండండి.

ఆరవ అడుగు: నమోదు పూర్తయిందని రూఢి చేసుకోవడం

దరఖాస్తు పంపిన రెండు మూడు వారాల తరువాత మీ రాష్ట్ర వెబ్‌సైటులో మీ పేరు, పుట్టిన తేదీ ఇచ్చి వెతకండి. పేరు కనిపించినంత మాత్రాన తృప్తి పడక, పేరు వర్ణక్రమం, చిరునామా, పార్టీ గడి మీరు రాసినట్లే ఉన్నాయా అని చూడండి. కార్డు తపాలాలో వస్తుంది. ఆ కార్డు చాలా చోట్ల గుర్తింపు పత్రంగా పనికిరాదు. టెక్సాస్‌లో ఫోటో ఉన్న పత్రం చూపాలి, లైసెన్సు, అమెరికా పాస్‌పోర్టు, ఫోటో ఉన్న పౌరసత్వ ధ్రువపత్రం అందుకు చెల్లుతాయి. పోలింగ్ కేంద్రంలో పేరు లేదని చెబితే వెనుతిరగకండి, 2002 నాటి సమాఖ్య చట్టం ప్రకారం తాత్కాలిక బ్యాలెట్ అడిగే హక్కు మీకు ఉన్నది. మీ అర్హత తేలిన తరువాత దానిని లెక్కిస్తారు. ఇల్లు మారినప్పుడల్లా చిరునామా మార్చుకోవాలి, రాష్ట్రం మారితే అక్కడ మొదటి నుంచి నమోదు కావాలి.

మీతో ఉంటున్న తల్లిదండ్రుల గురించి కూడా ఆలోచించండి. 55 ఏళ్ళు దాటి 15 ఏళ్ళుగా గ్రీన్ కార్డుతో ఉన్నవారు ఇంగ్లీషు పరీక్ష లేకుండా దుబాసీ సాయంతో పౌరశాస్త్ర పరీక్షకు తెలుగులోనే నోటితో జవాబులు చెప్పి పౌరులు కావచ్చు. అలా పౌరులైన పెద్దలు ఇంగ్లీషు బ్యాలెట్ చదవలేమని ఓటు మానేస్తున్నారు. సమాఖ్య ఓటు హక్కుల చట్టం ప్రకారం, చదవడం రాయడం రాని ఓటరు తనకు నచ్చిన వ్యక్తి సాయంతో ఓటు వేయవచ్చు. ఆ వ్యక్తి ఓటరు పనిచేసే సంస్థ యజమాని గాని, అతని తరఫువారు గాని, కార్మిక సంఘం ప్రతినిధి గాని కాకూడదు, అంతే. కొడుకో కోడలో పక్కన నిలబడి అమ్మకు బ్యాలెట్‌లోని పేర్లు చదివి వినిపించవచ్చు. ఎవరికి వేయాలన్నది ఆమె నిర్ణయమే.

చివరిగా చేయవలసినది: స్వదేశంలోని ఓటు

అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజుతో భారత పౌరసత్వం రద్దవుతుంది. ఓసీఐ కార్డు ఉన్నవారికి రాకపోకల సౌకర్యాలు ఉంటాయి, ఓటు హక్కు ఉండదు. అయినా గుంటూరులోనో కరీంనగర్‌లోనో పాత ఇంటి చిరునామా మీద పేరు జాబితాలో అలాగే మిగిలిపోవడం సాధారణం. ఎన్నికల సమయంలో సెలవుకు వెళ్ళినప్పుడు పేరుంది కదా అని ఓటు వేయడం చట్టవిరుద్ధం. ఫారం-7 ద్వారా పేరు తొలగించమని భారత ఎన్నికల సంఘం వెబ్‌సైటులోనే దరఖాస్తు పెట్టవచ్చు. మీ ఇంట్లో ఇంకా గ్రీన్ కార్డుపై, భారత పాస్‌పోర్టుతో ఉన్నవారు ఈ ఫారం జోలికి పోకూడదు. వారు ఫారం-6ఏ ద్వారా ప్రవాస ఓటరుగా నమోదై, ఎన్నికల రోజున స్వయంగా తమ పోలింగ్ కేంద్రానికి పాస్‌పోర్టు తీసుకుని వెళ్ళి ఓటు వేయవచ్చు.